మొదటి పేజీలో వదిన చీరలు

మంగళగిరి

అమ్మకు మాధవి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ నీ అల్లుడూ క్షేమం. చీరాలలో నువ్వు, అన్నయ్య, వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే వదినే ఎత్తుతుంది, స్పీకర్ పెట్టి నీ పక్కనే కూర్చుంటుంది. నీతో నాకు విడిగా రెండు మాటలుండకూడదా? అందుకే ఈ కాగితం.

ఆఫీసులో నేను చేసే పనేమిటో అర్థం కాలేదని రాశావు. మన నేతవాళ్ళ సంఘం వెబ్‌సైట్ చూసేది నేనే. మొన్నటిదాకా చీరలన్నీ ఒకే పేజీలో ఉండేవి. ఫోన్‌లో బొమ్మలన్నీ వచ్చేసరికి కొనేవాళ్ళకి విసుగొచ్చేది. ఇప్పుడు పేజీకి పన్నెండు చొప్పున విడగొట్టాను. సైటు కట్టడానికి మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌కి పేజీకి ఎన్ని చీరలో చెప్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. కింద 'తరువాతి పేజీ' అని మీట కూడా పెట్టాను. వరుస మాత్రం మనమే చెప్పాలి. లేకపోతే ఒకే చీర రెండు పేజీల్లో కనబడి, ఇంకోటి ఎక్కడా కనబడదు. మొదట్లో నాకదే అయింది. కొత్తగా వచ్చింది ముందు అని వరుస పెడితే కుదిరింది.

కొత్తవి ముందంటే ఇంకేముంది, ఎప్పుడు చూసినా మొదటి పేజీలో వదిన నేసిన చీరలే. నీ ఉత్తరం నిండా కూడా ఆవిడే. ఉదయశ్రీ పులుసు పెట్టింది, ఉదయశ్రీ తలకి నూనె రాసింది, మగ్గం మీద ఉదయశ్రీ చేతిలో నాడె చేపపిల్లలా పోతుంది. నన్నెప్పుడైనా అలా మెచ్చుకున్నావా? చదువుతుంటే ఒళ్ళు మండింది.

వదిన చీరల్ని ఈమధ్య ఎవరూ అడగడం లేదేమని రాశావు. ఎలా చెప్పాలో తెలియక ఇంతసేపూ నాన్చాను. అది నా పనే. వరుస మార్చి నువ్వు నేసిన చీరల్ని మొదటి పేజీకి తెచ్చాను, ఆవిడవి ఆఖరి పేజీకి తోశాను. అంత దూరం ఎవరొస్తారు?

నిన్న నీ ఆకుపచ్చ చీరని మురిపెంగా పెద్దది చేసి చూసుకున్నాను. మొదటి నుంచి సగం దాకా నీ చేతి దెబ్బే, నేత ఒత్తుగా ఉంది. అక్కణ్ణుంచి నేత పలచబడింది. మిగతావీ చూశాను, అన్నీ అంతే. ఒక చీర మీద ఒకే చేయి ఉండాలని, చేయి మారితే నేత చెప్పేస్తుందని, చిన్నప్పుడు నన్ను మగ్గం గుంటలోకి దిగనివ్వలేదు నువ్వు. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి నిలదీశాను.

"అమ్మకి భుజం లేవట్లేదే. సగంలో ఆపేస్తే ఉదయ పూర్తిచేసి అమ్మ పేరే రాయిస్తోంది. నీకు చెప్పొద్దని అమ్మే అంది" అన్నాడు.

భుజం నొప్పి తగ్గిందని రాశావు కదమ్మా.

వదిన చీరల్ని మళ్ళీ ముందుకు తెచ్చాను. ఆవిడ మంచిదని తెలిశాక నా కుళ్ళు తగ్గాలి కదా? తగ్గలేదు, ఇంకా పెరిగింది. నీ నొప్పి ఆవిడకి చెప్పుకున్నావు, నా దగ్గర దాచావు. నీ చీరలో ఆవిడకి చోటిచ్చావు.

ఆదివారం వస్తున్నాను. ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత మగ్గం దగ్గరికి. నాకూ నాలుగు పోగులు వేయనివ్వు. మూడో చేయి పడితే చీర పాడవుతుందంటావేమో. పాడవనీ, అది నేనే కట్టుకుంటాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు
మాధవీలత