కోడలి ముందు కూర్చోవడం

ఫిబ్రవరి 9
నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, మన్నించాలి. తప్పులూ ఉంటాయి. బడిలో నేర్చింది కన్నడ. తెలుగు రాత భజన పుస్తకాలు చూసి పట్టుకున్నది. నోటితో చెప్పలేను గనుక ఇక్కడ...

కోడలు సునీత వియత్నాం పోవాలనుకుంటోంది. పావగడలో ప్రైవేటు బడి టీచరు. వేసవి సెలవుల్లో రెండు నెలలు అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పని. బెంగళూరు ఏజెన్సీల ద్వారా దొరుకుతుందట. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక అంటుంది.

నా కొడుకు నాగరాజు సోలార్ ప్లాంటులో పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ — "పోనీలే నాయనా, రెండు నెల్లే గదా. సంగటి కెలకడం నాకూ వస్తాది."
"ఉండలు కడతాది నీ సంగటి," వంటింట్లోంచి సునీత.

ఫిబ్రవరి 14
మొదటి ఏజెన్సీ అతను ఫోన్ చేశాడు. టూరిస్టు వీసా మీద పొమ్మంటాడు, మిగతాది అక్కడ చూసుకుంటారట.
సునీత కన్నడలోనే, మెల్లగా — టూరిస్టు వీసా మీద పాఠాలు చెబితే పట్టుకోరా సార్? పని వీసా ఎవరిస్తారు? బడి పేరేంటి? రాసి పంపండి.
అతను నీళ్ళు నమిలాడు. మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. ఆమె పిండి కలపడానికి పోయింది. కోపం లేదు, గొంతు పెంచింది లేదు.
నేనైతే "సరే సార్" అనేవాణ్ణి. సోలార్ వాళ్ళు భూమి లీజుకు అడిగిన రోజు నేను అన్నది ఆ రెండు మాటలే.

ఫిబ్రవరి 15
గొర్రెలు ప్యానెళ్ళ కంచె పక్కన మేస్తున్నాయి. "పని వీసా ఎవరిస్తారు సార్" — వాటికి వినిపించేలా అని చూశాను. బాగుంది.

ఫిబ్రవరి 22
రెండో ఏజెన్సీ. ఈసారి బడి పేరు, పని వీసా వివరాలు అన్నీ ముందే పంపారు. ఒక్కటే మిగిలింది — ఇంగ్లీషు అసలు రాని మనిషికి ఫోన్ కెమెరా ముందు పాఠం చెప్పి చూపాలి. అది చూసి ఏజెన్సీ మేడం ఎంపిక చేస్తుంది.
సునీత వాకిట్లో నిలబడి, నేల చూస్తూ — "మామా... నువ్వే కూచోవాల."
నాగరాజు — "నాయన నోట్లోంచి తెలుగే రాదు. ఇంగ్లీషు యాడ వస్తాది?"
తల ఊపేశాను. ఎందుకు ఊపానో...

ఫిబ్రవరి 24
ఆకలి లేదు.

ఫిబ్రవరి 25
పాఠం అయింది.

రెండు కుర్చీలు ఎదురెదురుగా. పక్కన రాగిపిండి డబ్బాకు ఆనించిన ఫోన్. కాపురానికి వచ్చిన రోజు నుంచి సునీత నా ముందు కుర్చీలో కూర్చున్నది లేదు. మా ఇళ్ళలో మామ ముందు కోడళ్ళు కూర్చోరు. ఇవాళా నిలబడే ఉంది. టీచరు నిలబడి ఉంటే నేనెట్లా కూర్చుంటాను? నేనూ నిలబడ్డాను.
"కూచో మామా."
"నువ్వు కూచోమ్మా."
ఇద్దరమూ కూర్చోలేదు.
ఫోన్‌లో మేడం, కన్నడలో — ఇద్దరి నడుములే కనిపిస్తున్నాయమ్మా, ముఖాలేవి?
తలుపు పక్కన నాగరాజు, మూతికి తువ్వాలు అడ్డం.

పోయింది అనుకున్నాను. ఆమె పని నా వల్లే పోయింది.

సునీత తడబడలేదు. నా కుర్చీ చూపి, మోకాళ్ళు వంచి — "సిట్." కూర్చున్నాను. చేతులు పైకెత్తి — "స్టాండ్." లేచాను. మళ్ళీ, మళ్ళీ. తర్వాత తన కుర్చీ చూపించి, నా ముఖం చూస్తూ ఊరుకుంది. ఇప్పుడు చెప్పాల్సింది నేను. ఆమె తొందర పెట్టలేదు.
"సిట్... అమ్మా."
కూర్చుంది. నా ముందు. నేనూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక్క తెలుగు ముక్క లేదు, అయినా అంతా తెలిసింది. వాకిట్లో గొర్రెలు చూపింది, నీళ్ళు తాగి చూపింది. నేను తప్పు పలికితే తప్పు అనదు. సరిగ్గా తానే ఒకసారి పలికి ఆగుతుంది. మా బడిలో బెత్తం పలికేది.

మేడం నవ్వింది. మార్చి మొదట్లో చెబుతామంది.

ఫిబ్రవరి 26
నాగరాజు అన్నం దగ్గర — "నాయనా, సిట్. నాయనా, స్టాండ్."
"మామ నీకంటే నయమప్పా. చెప్తే ఇంటాడు," సునీత.
తల వంచుకుని తిన్నాను. రెండో ముద్ద అడిగాను.

మార్చి 3
ఫోన్ రాలేదు.

మార్చి 6
ఇవాళా లేదు. మజ్జిగ తెచ్చి నా ముందు నిలబడింది, మామూలుగానే. ఫోన్ కొంగులో చుట్టుకుని.
"వాళ్ళు వద్దనుకున్నారేమో మామా."
కుర్చీ ఆమె వైపు జరిపాను. "సిట్" అన్నాను. అటూ ఇటూ చూసి, కుర్చీ అంచున కూర్చుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

మేడమ్మా, ఈ పేజీ మీ దాకా రాదు. అయినా రాస్తున్నా. మా సునీత బాగా చెబుతుంది, నాకే వచ్చింది చూడండి. అవునో కాదో, త్వరగా ఒక మాట చెప్పండి. ఆమె ఇంకా లేవలేదు.