లీక్: లేదు

ఫిబ్రవరి 11

అక్క సీటు మీద మరక పడింది. ఇంట్లో సీటు కాదు, బస్సు సీటు. అక్క సిటీ బస్సు డ్రైవరు. షిఫ్టు అయ్యాక తనే తడిగుడ్డతో తుడిచి, స్వెట్టర్ నడుముకి కట్టుకుని ఇంటికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు, ప్యాడ్ మీద.

నా ఉద్యోగం ప్యాడ్ల ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో. ఎర్రరంగు కలిపిన ఉప్పునీళ్ళు సిరంజితో ప్యాడ్ మీద పోసి, పైన బరువు పెట్టి, ఎంత పీల్చింది, ఎంత మళ్ళీ పైకొచ్చింది రాసుకుంటాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదేనేమో అని అక్కే నవ్వింది.

ఫిబ్రవరి 12

ముందు శరీరం చూడాలి, తరవాత ఆ మనిషి చేసే పని, ఆ తరవాతే ప్రాడక్ట్. ట్రైనింగ్‌లో మా మేడమ్ చెప్పిన మొదటి మాట. అక్కని కూర్చోబెట్టి అన్నీ రాసుకున్నాను. వయసు నలభై ఒకటి. ఏడు గంటలు సీట్లోనే. చివరి స్టాపులో బాత్రూముకి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో దేవుడికే తెలియాలి. రోజులు తొమ్మిది.

ఇదివరకు అయిదే కదా అన్నాను. వయసు మీద పడుతోంది సైంటిస్టమ్మా, నేనేమైనా పదహారేళ్ళ పిల్లనా అంది. సరేనని తొమ్మిదే రాసుకున్నాను.

మార్చి 5

టాంపన్ పడలేదు. లోపల ఎవరో అద్దెకి దిగినట్టుందిట. పీరియడ్ ప్యాంటీ వేసుకుంటే ఇంజను వేడికి ఉడికిపోయిందిట. మెన్‌స్ట్రువల్ కప్పు బాగానే కుదిరింది కానీ రెండు గంటలకే నిండిపోయింది. బాటిల్ నీళ్ళతో కడుక్కుని మళ్ళీ పెట్టుకునేసరికి బస్సు ఎనిమిది నిమిషాలు లేటు. జనం తిట్టిన తిట్లన్నీ నాకు పొల్లుపోకుండా అప్పజెప్పింది.

రెండు గంటలేమిటి? సైజు తప్పయి ఉంటుంది. పెద్దది తెచ్చాను.

ఏప్రిల్ 2

పెద్దదీ అంతే. అక్క మొహం పాలిపోయింది. నిద్ర చాలక అంది.

మే 19, సాయంత్రం 6

గెలిచాను!

మా ఫ్యాక్టరీలో కొత్త ప్యాడ్ ఏది తయారైనా ముందు మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకే ఇస్తారు. తెల్ల కవరు, దాని మీద నంబరు, ఒక ఫారం, ఒక చిన్న కాటా. ఫారంలో పదకొండు ప్రశ్నలు. ఎన్ని గంటలు వాడారు, దురద ఉందా, అంచులు మడతపడ్డాయా, లీక్ ఉందా. వాడిన ప్యాడ్ తూచి బరువు కూడా రాయాలి.

మొన్న శాంపిల్ నంబరు పధ్నాలుగు అక్కకిచ్చాను. షిఫ్టంతా ఒక్కటే పెట్టుకుంది. చుక్క బయటికి రాలేదు. వస్తూనే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. లీక్: లేదు అని రాసి పక్కన పువ్వు గీసింది. బరువు చూస్తే మిగతా వాళ్ళందరి ప్యాడ్ల కన్నా మూడింతలు. ఎంత పీల్చిందో అని మురిసిపోయాను. ఈ రోజు మేడమ్ ఆ ఫారం ల్యాబ్‌లో అందరికీ చూపించారు.

జూన్ 23

లీక్ లేదు.

జూలై 8

పదిహేను రోజులకే మళ్ళీ. లీక్ లేదు. ఇంకో రెండు కవర్లు తెచ్చిచ్చాను.

ఆగస్టు 14, మధ్యాహ్నం 3

అక్క డిపో మెట్ల మీద పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్నాం. హిమోగ్లోబిన్ అయిదు. పన్నెండుండాలిట.

ఎన్నాళ్ళ నుంచి ఇలా అని డాక్టరమ్మ అడిగారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తేదీలతో, గంటలతో, గ్రాములతో సహా. ఆవిడ పెన్ను ఆపి నా వంక చూశారు. ఇంత తెలిసీ ఎందుకు తీసుకురాలేదమ్మా అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆగస్టు 20

గర్భసంచిలో క్యాన్సర్. ఊపిరితిత్తుల దాకా పాకింది. ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే సంచి తీసేసి ఇంటికి పంపేవాళ్ళమేమో అన్నారు.

ఆర్నెల్ల ముందు నేను కప్పుల సైజులు చూస్తున్నాను.

ఆగస్టు 21

సీటు మీద మరక పడిన రోజునే తోటి డ్రైవరొకావిడ అక్కకి చెప్పిందిట, ఇది మామూలుగా లేదు, డాక్టరుకి చూపించుకో అని. మా చెల్లి ఉందిగా, దానికి తెలియనిదా, అదే చూసుకుంటుందిలే అందిట అక్క. ఈ మాట నాకు నవ్వుతూ చెప్పింది. నన్ను నొప్పించాలని కాదు. ఏదో కబుర్లలో చెప్పింది.

నా గుండె పగిలిపోయింది. ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

సెప్టెంబరు 9

అక్క ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పదకొండు ప్రశ్నలూ ప్యాడ్ గురించే. దురద ప్రశ్న కూడా ప్యాడ్ గురించే.

ఆ చెత్త ప్యాడే వాడి ఉంటే బాగుండేది. సీటు మళ్ళీ పాడయ్యేది. డిపోలో రభస అయ్యేది. ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టి ఆసుపత్రికి పొమ్మని ఎవరో ఒకరు తరిమేవాళ్ళు. నలుగురి చేత నాలుగు మాటలు పడినా అక్క బతికేది. నేను ఒక్క చుక్క ఎవరి కంటా పడనివ్వలేదు. మూడింతల బరువు చూసి ప్యాడ్‌ని మెచ్చుకున్నాను. ఆ మూడింతలూ అక్క ఒంట్లోవని నాకు తట్టలేదు. కళ్ళెదురుగా కాటా పెట్టుకుని కూడా తట్టలేదు. నాలాంటి మూర్ఖురాలు ఇంకెక్కడైనా ఉంటుందా?

సెప్టెంబరు 30

అక్కకి నేనే మారుస్తున్నాను. శాంపిల్ పధ్నాలుగే పెడుతున్నాను. అంతకన్నా మెత్తనిది లేదు మరి. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఫారమేదీ, నింపుతాను అంది అక్క. ఇద్దరం నవ్వాం. తరవాత నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అక్టోబరు 17

ఉదయం ఏడూ పదికి అక్క పోయింది.

అక్టోబరు 29

పనికి వెళ్ళాను. ఫారంలో పన్నెండో ప్రశ్న పెడదామని మేడమ్‌ని అడిగాను. రక్తం మామూలు కన్నా ఎక్కువగా పోతోందా, డాక్టరుకి చూపించారా అని. మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. కానీ రెండో పేజీకి వెళ్తుంది కదమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

నవంబరు 6

ఈ రోజు నాకు వచ్చింది. ఏమీ పెట్టుకోలేదు. లేత రంగు ప్యాంటు వేసుకుని బస్సెక్కి నిలబడ్డాను.

ఎవరో పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చింది. బట్టకి చాలా అయింది తల్లీ, ఒంట్లో ఎలా ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా అంది.

నేనెక్కి నాలుగు స్టాపులు. నాలుగంటే నాలుగే.