మొదలు లేని పుట్టగొడుగులు

అక్కకు,

నీ మోకాళ్ల సంగతి అడిగాకే నా గోడు మొదలుపెడదామనుకున్నాను. కానీ ముందు ఇది చెప్పకపోతే మిగతాదేదీ రాసేలా లేను. పక్కింటి దర్జీ భార్య ఆసుపత్రిలో ఉంది. కాలేయం దెబ్బతింది. బతుకుతుందో లేదో చెప్పలేమంటున్నారు. ఆవిడ తిన్న పుట్టగొడుగులు మంచివని చెప్పింది నేనే.

ఈ వీధిలో ఎవరు తుప్పల్లోకి వెళ్లి పుట్టగొడుగులు ఏరుకొచ్చినా బుట్ట నా గుమ్మంలో పెట్టి నిలబడతారని నీకు తెలుసు కదా. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. నేను చూసి తినొచ్చంటే తింటారు, వద్దంటే పారేస్తారు. ఏరే పద్ధతి కూడా నేనే నేర్పాను. నాన్న చెప్పినట్టే, పెకలించకుండా చాకుతో నేలకి పైన కోయమన్నాను. మట్టి అంటదు, మళ్లీ ఏడాది అక్కడే మొలుస్తాయి.

దర్జీ పుట్టగొడుగు ముట్టడు. భార్యకి ఇష్టమని ఆ ఆదివారం తనే వెళ్లి ఏరుకొచ్చాడు. నేను లాండ్రీలో పొద్దుటి షిఫ్టంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అప్పుడే వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. బుట్టలో ఎనిమిది ఉన్నాయి. అన్నిటినీ బట్ట కత్తిరించినంత నున్నగా కోశాడు. టోపీ చూశాను, కింద రెక్కలు చూశాను, తెల్లగా ఉన్నాయి. మనం తినే తెల్లవాటికీ అలాగే ఉంటాయి. "తినొచ్చు అన్నయ్యా, కోత బాగా కుదిరింది," అని మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు తెల్లవారుజాము నుంచి ఆవిడకి ఒకటే వాంతులు. ఆ మర్నాటికి తగ్గాయి. నేను వెళితే మంచం మీద కూర్చుని, "ఏదో పడలేదులే వదినా," అని నవ్వింది. టీ తాగి, బతుకు జీవుడా అనుకుని ఇంటికొచ్చాను. మూడో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. ఈ విషం తీరే అంతట అక్కా. మధ్యలో ఒక రోజు నయమైనట్టు నమ్మిస్తుంది. లోపల దాని పని అది చేసుకుపోతుంది. ఎంత ఉడికించినా పోదట.

ఏం తిన్నదో చూడాలి, మిగిలినవి ఉంటే తెమ్మన్నాడు డాక్టరు. ఇంట్లో ఏమీ మిగల్లేదు. దర్జీని చోటు అడిగి నేనే వెళ్లాను. ఎనిమిది కాడల మొదళ్లూ నేలలో అలాగే ఉన్నాయి. చెంచాతో తవ్వి చూశాను. ప్రతిదాని కిందా చినిగిన తెల్లటి తిత్తి, గుడ్డు పెంకులో నిలబెట్టినట్టు. విషానికి గుర్తైన ఆ తిత్తి కనపడి ఉంటే చీకట్లో కూడా వద్దనేదాన్ని. నేను నేర్పిన పద్ధతిలోనే కోశాడు కాబట్టి అది మట్టిలో ఉండిపోయింది.

రెండు మొదళ్లు కాగితంలో చుట్టి డాక్టరుకిచ్చాను. ఆయన దర్జీని, "ఎవరికైనా చూపించారా?" అని అడిగాడు. "లేదండీ, నేనే ఏరాను, ఎవరికీ చూపించలేదు," అన్నాడు. నేను పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు వీధంతా అతన్నే ఆడిపోసుకుంటోంది. ఇక ఎవరి బుట్టా చూడకూడదని తీర్మానించుకున్నాను. నా మాట సంగతి బయటపెట్టాలో వద్దో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నువ్వే చెప్పు.

పిట్ట

---

పిట్టా,

నా మోకాళ్లకేం, అవి ఎక్కడికీ పోవు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నాన్న కోయమన్నది నిజమే. అది మనం ఏటా వెళ్లే చోట, ఎరిగున్నవాటికి. చోటు కొత్తదైనా, రకం కొత్తదైనా పుల్లతో మొదలంటా తవ్వించి, తిరగేసి చూసేవాడు. వంగి తవ్వేదాన్ని నేను. నువ్వు ఆయన భుజాల మీద ఉండేదానివి. అంత ఎత్తునుంచి నీకు చాకే కనిపించి ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడేళ్ల కిందట నీ దగ్గరికి వచ్చినప్పుడు, గుమ్మంలో నిలబడి అందరికీ కోయడం నేర్పిస్తుంటే విన్నాను. తప్పని తెలుసు. నలుగురూ నీ మాట అంత శ్రద్ధగా వింటుంటే నీ మొహం వెలిగిపోతోంది. వాళ్ల ముందు నిన్ను తీసిపారేయడం ఎందుకని ఊరుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను, చెప్పలేదు. కాబట్టి ఇందులో సగం నాది.

ఆవిడకి చెప్పు. నన్ను అడగాల్సిన పని కూడా కాదే ఇది.

అక్క

---

అక్కకు,

ఆవిడ బతికింది. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్లాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని చొక్కా కాలరుకి దారాలు తెంపుతోంది. మనిషి సగమైపోయింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తలెత్తలేదు.

"తెలుసు వదినా. వాంతులప్పుడే ఈయన చెప్పాడు నీకు చూపించానని."

"మరి డాక్టరు దగ్గర..."

"నేనే వద్దన్నాను. నీ అంతట నువ్వే చెప్తావనుకున్నాను. పదిహేడు రోజులు చూశాను. ఫ్లాస్కు తెచ్చావు, దుప్పట్లు మార్చావు, తల దువ్వావు. ఆ ఒక్క మాట మాత్రం తేలేదు."

గడప మీదే కూర్చున్నాను అక్కా. ఇకమీదట ఎవరి బుట్టా చూడనని చెప్పాను. అప్పుడొచ్చింది ఆవిడకి కోపం.

"ఓహో, చేతులు దులిపేసుకుంటావా? వీధంతా చాకులు పట్టుకుని తిరుగుతోంది నీ పుణ్యమా అని. రేపు వాన పడితే మళ్లీ వెళ్తారు, మళ్లీ అలాగే కోస్తారు. నువ్వు చూడనంటే చూపించకుండానే తింటారు. నేర్పినదానివి నువ్వే మాన్పించు."

"నా మాట ఇంకెవరు వింటారు వదినా?"

"నన్ను చూసి వింటారు," అని కాలరు పక్కన పెట్టింది.

అదే జరుగుతోంది. లాండ్రీ నుంచి రాగానే బయలుదేరుతున్నాం. రోజుకి మూడిళ్లకి మించి ఆవిడకి ఓపిక లేదు, నిజం చెప్పాలంటే నాకూ లేదు. వెనకాల దర్జీ స్టూలు మోసుకొస్తాడు. ప్రతి గుమ్మంలో ఆవిడ దానిమీద కూర్చుంటుంది. "ఆ బుట్ట నేనే చూశాను, మంచివని నేనే చెప్పాను. ఆయన తప్పేం లేదు," అని మొదలుపెడతాను. మొదలంటా తవ్వి తీయండి, మొదలు లేనిది నా దగ్గరికి తేవద్దు, ఏ కాస్త అనుమానం వచ్చినా పారేయండి అంటాను. నీ ఉత్తరంలో ఉన్న నాన్న మాట కూడా పూర్తిగా చెబుతున్నాను. ఆవిడ తలెత్తి వాళ్లవైపు చూస్తుంది. కళ్లలో పసుపు ఇంకా పోలేదు. దాన్ని చూశాక ఎవరూ నన్ను రెండో ప్రశ్న అడగడం లేదు. మూలింటి ఆయన మాత్రం వింటూ వింటూనే తలుపేసేశాడు. నాకు అదే న్యాయమనిపించింది.

తప్పులో నీ సగం నువ్వే ఉంచుకో, నేను తీసుకోను. కానీ రాసినందుకు మనసు కాస్త తేలికైంది.

ఇవాళ తిరిగొస్తుంటే దారిలో ఆవిడని అడిగేశాను, నన్ను క్షమించావా వదినా అని. గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుంది.

"ఇంకా పంతొమ్మిది ఇళ్లున్నాయి. ముందవి కానీ," అంది.

నీ
పిట్ట