జేర్ లేదు, జబర్ లేదు

మస్తానన్నా,

ఈరోజు జమ్మలమడుగులో మీ ఇంట్లో, నువ్వు పోయి ఏడాదైనందుకు ఫాతెహా చదివించారు. నువ్వు కువైట్ నుంచి తెచ్చిన ప్లేయర్‌లో పాడి దాచుకున్న పాట అందరికీ వినిపించాలని వదిన కోరిక. అయితే మొన్న ప్రొద్దుటూరు అంగట్లో దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అప్పటి నుంచి తెర మీద అంతా అరబ్బీయే, పాట ఒక్కటీ మోగలేదు. అన్నీ చెరిపేస్తే బాగవుతుందని అంగడాయన అంటే, వద్దని వెనక్కి తెచ్చేశాను.

కువైట్‌లో కారు తోలిన మన బాషాకు అరబ్బీ మాట వచ్చు, అక్షరం రాదు. వదినకు ఖురాన్ చదవడం వచ్చు, అర్థం తెలియదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టాను.

వదిన కళ్లద్దాలు పెట్టుకుని విసుక్కుంది. "అచ్చరాల మీద గుణింతం గుర్తులే లేవు, జేర్ లేదు, జబర్ లేదు. ఎట్ల పలకాల? ఇది రాసినోడు యాడ సదివినాడప్పా!"

"ఆపా, నువ్వు సదువు, అర్థం నేను చెప్తా," అన్నాడు బాషా.

ఆమె కూడబలుక్కుని ఒక మాట చదవగానే బాషా ఎగిరిపడ్డాడు. "అది తుడిచేసేది! తాకొద్దు!"

ఇంకోటి చదివింది. "ఆ, పాటలు మళ్లా ఎతకాల్నా అంటాంది. ఒత్తన్నా!"

ఒత్తాను. కాసేపటికి నీ గొంతు వినిపించింది. ఆనాడు పాట మొదలుపెట్టే ముందు, ఎదురుగా కూర్చున్న నన్ను నువ్వు అడిగిన మాట అది.

"ఏమ్రా, ఇది పని చేస్తాందా?"

వదిన పకపకా నవ్వింది. ఇంతమందిలో ఎప్పుడూ నోరు విప్పని నేను గట్టిగా అరిచాను.

"చేస్తాందన్నా!"