రెండు వాట్లు తక్కువ

అమ్మకి, నీ పెద్దది నమస్కరించి రాసేది.

చిన్నప్పటి నుంచీ అడగలేకపోయిన మాట ముందు అడుగుతాను. నీ కుట్టుమిషను చక్రం విరగ్గొట్టింది నేనని, తమ్ముడికి దెబ్బలు పడ్డ రోజున నీకు తెలుసా?

ఇక్కడ అందరం కులాసా. మీ అల్లుడికి దగ్గు తగ్గింది. నీ మోకాలు ఎలా ఉంది? "స్విచ్ పెడుతున్నానంటావు, గోడ మీద నొక్కేదేనా? దానికింత చదువెందుకే?" అని రాశావు. చాలా రోజులకి నవ్వాను. ఇది వేరమ్మా, ఇదొక పెట్టె. దీన్నుంచి వెళ్ళే ఒక్కో తీగలో మాటా కరెంటూ కలిసే వెళ్తాయి. ఫోనుకీ కెమెరాకీ వేరే ప్లగ్గు అక్కర్లేదు. కాకపోతే పెట్టె పంచగలిగే కరెంటుకి ఒక హద్దుంది. మా ఆసుపత్రిలో పెట్టినదానికి మూడువందల డెబ్భై వాట్లు. అది దాటితే చివరి తీగకి ఆపేస్తుంది.

పది ఫోన్లు, ఒక్కోదానికి ఆరు వాట్లు. పన్నెండు కెమెరాలు. కెమెరా కాగితంలో రెండు అంకెలున్నాయి. మామూలుగా పదమూడు, చలికి లోపలి హీటరు వెలిగితే ఇరవై ఆరు. నేను పదమూడే వేసుకుని, "ఇంకా బోలెడు మిగులుతుంది" అని మీటింగులో గొప్పగా చెప్పాను. వైర్లు లాగే పెద్దాయన, కళ్ళజోడుకి దారం కట్టుకుంటాడు, "చలికి ఇవి ఎక్కువ లాగుతాయేమో, ఓసారి చూడండమ్మా" అన్నాడు. "వైర్ల సంగతి మీరు చూడండి, లెక్కల సంగతి నాకొదిలేయండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా.

పోయిన వారం బాగా చలిగా ఉన్న ఒక పొద్దున హీటర్లన్నీ ఒకేసారి వెలిగాయి. మూడువందల డెబ్భై రెండు. చివరి తీగ వృద్ధుల వార్డు ఫోనుది. అక్కడ ఒకావిడ, నీ వయసే ఉంటుంది, మంచం మీంచి పడింది. నర్సు ఫోనెత్తితే ఉలుకూ పలుకూ లేదు. డాక్టరు కోసం మూడంతస్తులు పరిగెత్తింది. అంతసేపూ ఆవిడ తుంటి విరిగి నేల మీదే ఉంది.

"ఆ వైరు సరిగ్గా బిగించలేదా ఏంటి?" అన్నాడు మేనేజరు. ఏ తీగ ఎందుకు ఆగిందో పెట్టె తనే రాసుకుంటుంది. అప్పటికే అది చదివాను. అయినా "అయ్యుండొచ్చు సార్" అన్నాను.

అంతే అమ్మా, నేనన్నది.

పెద్దాయన్ని రేపట్నుంచి రావద్దన్నారు. సంచి సర్దుకుంటూ, "మూడుసార్లు చూసి బిగించానమ్మా. కళ్ళు మోసం చేశాయేమో" అని నాతోనే చెప్పుకున్నాడు. నేను రెండు కెమెరాల్ని గుట్టుచప్పుడు కాకుండా వేరే పెట్టెకి మార్చాను. వైరు బాగుచేశానని నర్సు నాకు థాంక్స్ చెప్పింది.

ఆ చక్రం సంగతి నీకు తెలిసీ ఊరుకుని ఉంటే, ఎందుకు ఊరుకున్నావో రాయి. సోమవారం నివేదిక మీద సంతకం పెట్టాలి. "కారణం" అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో ఏం రాయాలో తెలియక కాదు. రాస్తానో లేదో తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
తమ్ముడి వెనకాల నిలబడిపోయిన
నీ పెద్దది