పియానో తుడిచిన బట్ట

అనూష బాపూ,

నేను రాజురా ఊర్ల పాఠం చెప్పి ఐదింటికొస్త. నాలుగింటికి మన పియానో క్లాస్ పిల్లలొస్తే కూసోబెట్టు. గనిల బ్లాస్టింగ్ అయ్యేదాక కిటికీలు తెరువకు, పియానో మీటల మీద బొగ్గుదుమ్ము పడ్తది.

పడ్డా తుడువకు. నిన్న నాకు సాయం చేద్దామనే తడిబట్టతోని తుడిచినవ్, తెలుసు. కానీ ఆ మీటల మీద మన బిడ్డ అనూష పెన్సిల్‌తోని తెలుగుల స, రి, గ, మ రాసుకున్నది. ఈ మహారాష్ట్ర బడిల మరాఠీ చదివిన పిల్ల, దానికొచ్చిన తెలుగు గంతే. అది మనల్ని విడిచిపోయిన కాన్నుంచి ఆ అక్షరాల చుట్టే తుడుస్తున్న. నీకెన్నడూ చెప్పలె, తప్పు నాదే. నిన్నటి సంది నీతోని మాట్లాడంది గందుకే.

– పద్మ

ఇంకోటి. నువ్వు తుడిచిన బట్టకు ఆ పెన్సిల్ మరక అంటింది. దాన్ని బీరువాల అనూష ఫ్రాకుల నడుమ పెట్టిన. ఉతకకు.