వదిలేసిన బొమ్మలు

చూపులేని పిల్లల పాఠ్యపుస్తకాలను ముప్పై ఏళ్ళపాటు బ్రెయిలీ చుక్కల్లోకి కొట్టి రిటైరైన టైపిస్టును నేను. వయసు డెబ్బై రెండు. పెళ్ళి చేసుకోలేదు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి గానీ మతి నా స్వాధీనంలోనే ఉంది. ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాస్తున్నాను. ఒత్తిడి చేసేంత దగ్గరివాళ్ళు నాకెవరూ లేరు కూడా.

1. నేనుంటున్న గది, మంచం, బీరువా నా తదనంతరం నా చెల్లెలికి సర్వహక్కులతో చెందాలి. "నువ్వు కొట్టే ఆ టకటకలు ఎవరు చదువుతారే?" అని ఇరవై ఏళ్ళ కిందట అది అన్న మాట నేను మరిచిపోలేదు. ఆ తర్వాత మేం సరిగా మాట్లాడుకున్నదీ లేదు. అయినా గది దానికే. కిటికీ రెక్కను కాస్త పైకెత్తి లాగితే గానీ గడియ పడదని దానికి చెప్పాలి.

2. మా ఆఫీసు సూపరింటెండెంటుకు ఏమీ ఇవ్వడం లేదు. చాటున మేమాయన్ని 'వదిలెయ్ గారు' అనేవాళ్ళం. పుస్తకంలో బొమ్మ వచ్చిన ప్రతిచోటా 'బొమ్మ వదిలివేయబడింది' అని కొట్టి ముందుకు పొమ్మన్న నియమం ఆయనదే. ఆ మాట కొట్టిన వేళ్ళు మాత్రం నావి.

3. నా బ్రెయిలీ మిషను, మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్న పన్నెండు సంపుటాలు ఒక అమ్మాయికి చెందాలి. ఆమెకిప్పుడు నలభై దాటి ఉంటాయి, నాకు మాత్రం అమ్మాయే. చుట్టం కాదు. నన్నెప్పుడూ కలవలేదు. ఏడో తరగతిలో ఉండగా మా ఆఫీసుకు చుక్కల్లో ఉత్తరం రాసింది: "అక్కా, సైన్సు పుస్తకం నలభై మూడో పేజీ బొమ్మలో ఏముందో చెప్పవా?" కొట్టింది ఒక అక్క అని ఎలా అనుకుందో తెలియదు. ఒకరికి జవాబిస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుందన్నారు వదిలెయ్ గారు. నేను ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను.

అది గుండె బొమ్మ. పరీక్షలో అదే అడిగారని ఆ బడి టీచరు తర్వాత చెబితే తెలిసింది. ఆమె ఆ ప్రశ్న వదిలేసింది. సైన్సు ఈ పిల్లకు రాదని బడివాళ్ళు తేల్చేసి, పై తరగతుల్లో ఆ సబ్జెక్టు మాన్పించారు. తోటి పిల్లలందరికీ ఇచ్చిన బొమ్మను ఆమెకు లేకుండా చేసింది ఆమె కళ్ళు కాదు, మేము. నేను.

రిటైరైనప్పటి నుంచీ అవే పుస్తకాలు తిరగేసి, వదిలేసిన బొమ్మలన్నిటినీ మాటల్లో కొట్టాను. ఆ పన్నెండు సంపుటాలు అవే. గుండెను మాత్రం దళసరి కాగితం మీద వెనక నుంచి సూదితో గుచ్చి పైకి తేల్చాను. రక్తం వెళ్ళే దారి వేలికి తెలుస్తుంది.

4. ఆమె ఒక ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తోందని ఆ బడిలోనే వాకబు చేసి తెలుసుకున్నాను. ఆరేళ్ళుగా ప్రతి సోమవారం పదిన్నరకు ఫోన్ చేసి, ఆ గొంతు విని, రాంగ్ నంబరని పెట్టేసేది నేనే. క్షమించమని అడుగుతున్నాను. మొన్న ఒకసారి ఆలస్యమైతే, "ఏంటమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఫోను పెట్టేశాను. ఆ వారమంతా నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే.

5. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా పాత బైండరుది. నా పుస్తకాలు విడిపోకుండా కుట్టింది ఆయనే. పెట్టెలు స్వయంగా ఆమె చేతికే అందించాలి. ఈ వీలునామాను ఆమెకు ఎవరూ చదివి వినిపించకూడదు. చుక్కల ప్రతి మొదటి సంపుటంలో ఉంది, ఆమే చదువుకోవాలి.

6. సంపుటాల్లో చేరని బొమ్మ ఒకటి మిగిలింది. కిటికీ దగ్గర బల్ల. దాని ముందు ఒక పొట్టి ముసలావిడ, ముడి వదులై జుట్టు మెడ మీద పడింది. మిషను మీటల మీద ఆమె వేళ్ళు. కుడిచేతి పక్కన ఫోను. ఎదుటి కుర్చీ ఖాళీ. నలభై మూడో పేజీలో ఏముందని నువ్వు అడిగింది ఈమెనే.

తేదీ: పద్నాలుగు, సోమవారం. పదిన్నర కావస్తోంది.

సాక్షులు: కింది వాటాలో ఉండే దర్జీ, వీధి చివర మందుల షాపు ఆవిడ.

సంతకం: సిరాతో నా పూర్తి పేరు. దాని కింద, చుక్కల్లో: అక్క.